నాబోతు తోట, మా ఊరి చేపల చెరువు



ఈ పత్రికలో సాక్ష్యాలు రాసేవారిలో చాలామంది రోగములో స్వస్థత పొందినవారు, ఆపదలోనుండి తప్పించబడినవారు. మేము రాయబోయేది అటువంటిది కాదు. కళాశాలలో చదివిన ఒక పాఠాన్ని గూర్చి, దానిని సగమే నేర్చుకుని మేము చేసిన ఒక పనిని గూర్చి రాస్తున్నాము. పిల్లల్ని పట్నాలకు చదువులకు పంపే ఇళ్ళలో పనికొస్తుంది, రాయండని మా అయ్యగారు చాలాకాలంగా అడుగుతున్నారు.

మాది కైకలూరు దగ్గర ఒక పల్లె. 2022లో జిల్లాలు మారినప్పుడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గాని, మా చదువుల నాటికి కృష్ణా జిల్లాయే. అమ్మ నాట్ల ముఠాలో కూలికి వెళ్ళేది. నాన్నగారు కౌలు సేద్యం చేసేవారు, సంఘ పెద్దల్లో ఒకరు. పెద్దదానికి టైఫాయిడ్ వచ్చి ఇంటర్మీడియట్ ఒక ఏడాది పోయింది. అందుచేత 1991లో ఇద్దరమూ ఒకేసారి విజయవాడలో బి.ఏ.లో చేరాము. సంఘమువారి హాస్టల్లో ఒకే గది, ఒకే ట్రంకు పెట్టె, ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం. మా గ్రూపులో ఆర్థిక భూగోళశాస్త్రం అనే పేపరు ఉంది. దానిని మేము కోరుకోలేదు. మిగిలిన గ్రూపుల్లో సీట్లు అయిపోయాయి.

మొదటి రోజు మేడంగారు పుస్తకం తెరవనివ్వలేదు. "పొద్దున ఏం తిన్నారో, ఏం తాగారో రాయండి. ఏది ఎక్కడినుండి వచ్చిందో పక్కన రాయండి" అన్నారు. ఆ పొద్దున మేము తిన్నది గోధుమ నూక ఉప్మా, తాగింది టీ. ఎక్కడినుండి అంటే ఏం రాయాలి? "హాస్టల్ స్టోరు గదినుండి" అని రాశాము. మేడంగారు దానిని క్లాసంతటికీ చదివి వినిపించారు. అందరూ నవ్వారు, మాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. తరువాత ఆమె బల్ల మీద పటం పరిచి ఒక్కొక్కటే చూపించారు. గోధుమ ఉత్తరాదినుండి, మిరప గుంటూరునుండి, ఉప్పు చినగంజాం మడులనుండి, పంచదార ఉయ్యూరు ఫ్యాక్టరీనుండి, టీ ఆకు అస్సాంనుండి. "కైకలూరు పిల్లలెవరు? మీ చెరువుల్లో చేప ఎటు పోతుంది?" అని అడిగారు. హౌరాకు పోతుందని మాకు తెలుసు. రోజూ ఐసు ముక్కల మధ్య బొచ్చె, శీలావతి సర్ది లారీలకెత్తడం చూసినవాళ్ళమే. "హౌరా దాటి అస్సాం వైపు కూడా పోతుంది. మీ చేప తిన్నవాళ్ళే మీకు టీ పంపుతున్నారేమో!" అన్నారు. ఆ పూటనుండి ఆ పేపరంటే మాకు భయం పోయింది. మార్కులు మాత్రం రాలేదు, ఆ సంగతి చెబుతాము.

ఆ వారంలోనే హాస్టల్ సాయంకాల ప్రార్థనలో యెహెజ్కేలు 27వ అధ్యాయం వచ్చింది. పేర్లు నోరు తిరగక, చదివేవాళ్ళు తడబడుతూ దాటేసే అధ్యాయం. తూరు పట్టణానికి తర్షీషునుండి వెండి, ఇనుము, తగరము, సీసము. దమస్కునుండి ద్రాక్షారసము, ఉన్ని. యూదా, ఇశ్రాయేలు దేశములనుండి గోధుమలు, తేనె, నూనె. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. మేడంగారి పటమే ఇది! ఆ రాత్రి బైబిలు చివర ఉన్న పటాల మీద పెన్సిలుతో గీతలు గీసి, మరునాడు వార్డెను అమ్మగారిచేత చీవాట్లు తిన్నాము.

మార్కుల సంగతి. మొదటి పరీక్షలో ఒకరికి 28, ఒకరికి 31. మమ్మల్ని పడగొట్టిన మాట "భాటకం". తెలుగు పుస్తకమే, తెలుగు మాటే, అయినా అర్థం కాలేదు. భాటకమంటే ఇంటి అద్దె అనుకుని నాలుగు పేజీలు రాశాము. మేడంగారు కోప్పడలేదు. వన్ టౌన్‌లో కొబ్బరికాయలు అమ్మే మనిషి స్టేషను దగ్గర బడ్డీ పెడితే ఏమవుతుంది, నాలుగు వీధులవతల పెడితే ఏమవుతుందని అడిగారు. స్టేషను దగ్గర అమ్మకమెక్కువ, బడ్డీ చోటుకు పోటీ కూడా ఎక్కువ. దూరం పోయినకొద్దీ మోత ఖర్చు పెరిగి, ఆ చోటు ఇచ్చే మిగులు తగ్గుతుంది. నేల ఇచ్చే ఆ మిగులే భాటకమట. జర్మనీలో వాన్ థునెన్ అనే ఒక భూస్వామి సొంత ఎస్టేటు పద్దులు ఏళ్ళ తరబడి రాసుకుని, 1826లో దీనిమీద గ్రంథం వేశాడు. నడుమ ఒక్క పట్టణం, చుట్టూ ఒకే రకం నేల ఉంటే, పట్టణానికి ఆనుకుని పాలు, కూరగాయలు, తరువాత వంటచెరకు అడవి, ఆపైన ధాన్యం, అన్నిటికంటె దూరాన పశువుల మేత. చెరువులో రాయి వేస్తే వచ్చే వలయాల్లాగ. ఏ నేల ఏ పనికి ఎక్కువ మిగులు ఇస్తుందో ఆ పనికే పోతుందని సారాంశం.

ఆ సంవత్సరం నేర్చుకున్నవన్నీ రాస్తే పత్రిక చాలదు. ఉయ్యూరు తీసుకెళ్ళి, చెరకు ఫ్యాక్టరీని పట్నంలో కాక పొలాల మధ్యనే ఎందుకు కట్టారో చూపించారు. పది టన్నుల చెరకు ఆడితే వచ్చే పంచదార సుమారు ఒక టన్ను. కొట్టిన గడ ఆలస్యమయితే తీపి తగ్గుతుంది. అంత బరువు దూరం మోయడం దండగ. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి ఉన్న చోటే సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కూడా ఇదే కారణమట. ఆటోనగర్‌లో ముడి సరుకేమీ పుట్టదు, అయినా లారీ బాడీ కట్టేవాడి పక్కనే వెల్డింగువాడు, అతని పక్కనే రంగులవాడు చేరారు. అక్కడికి ఆడపిల్లలం నలభైమందిమి ఒక్కసారి వెళ్ళేసరికి పనులు ఆగిపోయి, మేడంగారు త్వరగా బస్సెక్కించారు.

ఒక్క మాట మాత్రం అప్పుడు మా మనస్సుకు తగిలింది. మన డెల్టా పచ్చదనం నది ఒక్కటే ఇచ్చింది కాదని ఆమె అన్నారు. 1832-33లో డొక్కల కరువు వచ్చి ఈ ప్రాంతంలో జనం మలమల మాడి చచ్చిపోయారు. అప్పుడూ కృష్ణ పారుతూనే ఉంది. 1852నుండి 1855 వరకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక ఈ వరి వచ్చింది. 1952 వరదలో ఆ ఆనకట్ట దెబ్బ తిన్నాకనే ప్రకాశం బ్యారేజి కట్టి 1957లో పూర్తి చేశారు. కాలువ ఎటు తవ్వారో అటు ఊళ్ళు బాగుపడ్డాయి. "దేవుడు నీళ్ళిచ్చాడు, కాలువ ఎటు పోవాలో మనుష్యులు నిర్ణయించారు" అని ఆమె అంటే, ఇంటికి వెళ్ళి నాన్నగారితో అన్నాము. నాన్నగారు కాసేపు ఆలోచించి, "మన ఊరు శివారు ఆయకట్టు. నీళ్ళు ఆఖర్న వస్తాయి. అది దేవుడి చిత్తమనే ఇన్నాళ్ళూ అనుకున్నానే" అన్నారు.

దసరా సెలవులకు మాకిచ్చిన పని, ఇంటికి వెళ్ళే దారిలో ఏ పంట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పటం గీయడం. మేము విజయవాడలో ప్యాసింజరెక్కి చెరొక కిటికీ పట్టుకున్నాము. రామవరప్పాడు, నిడమానూరు దగ్గర కూరమళ్ళు, ఆకుకూరలు, పశువుల గడ్డి. (ఇప్పుడక్కడ ఇళ్ళు, అపార్టుమెంట్లే.) ఉప్పులూరు వైపు చెరకు. తరువాత గుడివాడ దాకా, గుడివాడ దాటాక కూడా వరి, వరి, వరి. వాన్ థునెన్ మా పక్క సీటులో కూర్చుని వస్తున్నట్టే ఉంది. మండవల్లి దగ్గరికి వచ్చేసరికి అంతా తలకిందులయింది. పుస్తకం ప్రకారం పట్టణానికి అంత దూరాన, కొల్లేటి అంచున, పశువుల మేత ఉండాలి. అక్కడ ఉన్నవి చేపల చెరువులు. వరికంటె ఎన్నో రెట్లు కౌలు పలికే నేల అది. ఎక్కువ భాటకం పట్నం పక్కన ఉండాలి గాని, ఈ చివర ఎందుకుంది?

పటం తప్పు గీశామనుకుని భయపడుతూ ఇచ్చాము. మేడంగారు దానిని గోడకు అంటించారు. "మీ పటం తప్పు కాదు, మీరనుకున్న పట్టణం తప్పు. ఆ చెరువులకు పట్టణం విజయవాడ కాదు, హౌరా. ఐసు, లారీ, రోడ్డు కలిసి హౌరాను మీ ఊరి పొలిమేరకు తెచ్చిపెట్టాయి" అన్నారు. ఆ పరీక్షలో ఇద్దరికీ 60 దాటాయి. పల్లెటూరినుండి వచ్చిన పిల్లలకు ఎవరైనా అలా గోడ మీద చోటిస్తే ఏమవుతుందో చదివేవారికి తెలియనిది కాదు. మాకు కొంచెం తల తిరిగింది.

1992 సంక్రాంతి తరువాత ఊరికి వచ్చేసరికి ఊళ్ళో అదే మాట నడుస్తోంది. బయటి ఊరి ఆసామి ఒకాయన ఇరవై ఎకరాల చెక్క మొత్తం లీజుకు అడుగుతున్నాడు, చెరువు తవ్వడానికి. ఆ చెక్కకు నట్టనడుమ సంఘపు పొలం రెండెకరాలు ఉంది. మా తాతల తరంలో ఒక విశ్వాసి దేవుని సేవ నిమిత్తం రాసిచ్చిన నేల. అది ఇస్తే మిగిలినవాళ్ళంతా ఇస్తారు, ఇవ్వకపోతే చెరువు లేదు. మందిరం పెంకులు జారిపోయి వానాకాలం ఆరాధనలో గొడుగులు వేసుకునేవాళ్ళం. లీజు డబ్బుతో స్లాబు వేయవచ్చు.

ఆదివారం ఆరాధన తరువాత పెద్దలు కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు వెనకాడారు. అప్పుడు నాన్నగారు, "మన పిల్లలు ఇదే శాస్త్రం చదువుతున్నారు, వాళ్ళనడుగుదాం" అన్నారు. ఆయన మొహంలో ఆ సంతోషం మాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మందిరంలో ఆడపిల్లలు లేచి పెద్దలకు చెప్పడం అదే మొదటిసారి. మేము పటం విప్పి చూపించాము. వరి మీద ఎకరానికి వచ్చే కౌలు, చెరువు మీద వచ్చే కౌలు పక్కపక్కన వేసి చెప్పాము. నేల ఎక్కువ మిగులు ఇచ్చే పనికే పోతుంది, ఆపినా ఆగదు అన్నాము. అందరూ తల ఊపారు. ఆ వారమే అయిదేళ్ళకు సంతకాలయ్యాయి.

అమ్మ మందిరంలో ఆడవాళ్ళ వైపు కూర్చుని అంతా వింది. ఇంటికొచ్చి అన్నం వడ్డించేటప్పుడు, "బాగానే చెప్పారు గాని, మా నాట్లు ఏ గళ్ళో ఏశారే?" అని అడిగింది.

మాకు అర్థం కాలేదు. చెరువుకు నాట్లుండవు కదమ్మా అన్నాము. "అదేనే అడుగుతున్నాను" అంది, అంతే.

వేసవిలో గట్లు పోశారు. మరుసటి తొలకరికి అమ్మ అడిగినది ఏమిటో కనబడింది. ఇరవై ఎకరాల వరికి నాట్లు, కలుపు, కోత, కుప్ప, నూర్పిడి. ఒక్కొక్క పనికి పదులమంది. అదే ఇరవై ఎకరాల చెరువుకు మేత వేసే మనిషి, కాపలా మనిషి. పట్టుబడి నాడు వల లాగడానికి వేరే ఊరినుండి మగవాళ్ళు వస్తారు. ఆడవాళ్ళకు పనే లేదు. కోత అయ్యాక పరిగె ఏరుకుని పిల్లలకు నాలుగు కుంచాలు పోగుచేసే విధవరాండ్రు మా పేటలో ఉన్నారు. రూతు కథ మా సండే స్కూలు పిల్లలకు విడమర్చి చెప్పనక్కరలేదు, కళ్ళారా చూసినదే. చెరువుకు పరిగె ఉండదు. అంతటితో ఆగలేదు. చెరువు నీరు ఊటై పక్క పొలాల్లోకి దిగింది. పక్కవాళ్ళకు కోతనాటికి చేను ఆరక, వాళ్ళూ ఒక్కరొక్కరే చెరువుకే ఇచ్చేశారు. మా పటంలో గీత ఏటేటా గుడివాడ వైపు జరిగింది.

అమ్మవాళ్ళ ముఠా ట్రాక్టరెక్కి దూరపు ఊళ్ళకు నాట్లకు పోవడం మొదలయింది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి దీపాలు పెట్టాక వచ్చేవారు. మంగళవారం స్త్రీల కూడికకు మనుషులు తగ్గిపోయారు. అయ్యగారి సతీమణి ఒక్కతే చాప పరిచి కూర్చున్న రోజులున్నాయి. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో అమ్మ మోకాళ్ళ మీదనే నిద్రపోయేది.

ఇంతలో ఒక సాయంకాలం హాస్టల్లో 1 రాజులు 21వ అధ్యాయం చదివారు. నాబోతు ద్రాక్షతోట. ఆ కథ చిన్ననాటినుండి ఎన్నిసార్లు విన్నామో. యెజెబెలు దుర్మార్గం గూర్చి, కుక్కలు రక్తము నాకిన సంగతి గూర్చి ప్రసంగాలు విన్నాము. అహాబు ఆ తోటను ఎందుకడిగాడో మాత్రం ఎన్నడూ గమనించలేదు. అది తన నగరుకు దగ్గరగా ఉంది, కూరతోట వేసుకుంటానన్నాడు. కూరమళ్ళు పట్టణానికి ఆనుకుని ఉంటాయి: వాన్ థునెన్ మొదటి వలయం! పైగా ఊరకే ఇమ్మనలేదు. దానికంటె మంచి తోట ఇస్తాను, లేదా వెల ఇస్తాను అన్నాడు. లెక్కకు అహాబు మాట సరయినదే. నాబోతు ఏ లెక్కా చెప్పలేదు, పిత్రార్జితము ఇవ్వను అన్నాడు. మా మందిరంలో లేచి నిలబడి పటం విప్పిన మేము ఆ కథలో ఎవరి పక్షాన మాట్లాడామో తెలిసి, ఆ రాత్రి ఇద్దరం అన్నం ముట్టలేదు. నాబోతునైతే చంపారు, మా ఊళ్ళో ఎవరినీ ఎవరూ బలవంతం చెయ్యలేదు, నిజమే. కాని నాట్లు వేసేవాళ్ళను ఎవరమూ అడగనూ లేదు.

1993 వేసవి సెలవుల్లో రెండో పటం గీశాము. మా పేటలో ముప్పైయొక్క ఇళ్ళకు తిరిగి, చెరువుకు ముందు ఏ ఇంటి ఆడవాళ్ళు ఏడాదిలో ఎన్ని రోజులు ఏ పొలంలో పని చేశారు, ఇప్పుడు ఎన్ని రోజులు, ఎంత దూరం అని రాసుకున్నాము. రోజుల లెక్క ఎవరికీ అంకెల్లో గుర్తులేదు. "పెద్దదాని కాన్పు ఏడు", "తుఫాను ముందటేడు" అని చెబుతుంటే మేము లెక్క కట్టుకున్నాము. కొందరు నవ్వారు, ఒకామె తలుపు వేసుకుంది. మొదటి పటం గీసిందీ మేమే కదా.

అది తీసుకెళ్ళి మేడంగారికిస్తే ఆమె చాలాసేపు చూశారు. "ఇది పరీక్షకు రాదు" అన్నారు. తరువాత ఆ వాన్ థునెన్‌ను గూర్చి మా పుస్తకంలో లేని సంగతి చెప్పారు. ఆయన వలయాలతోనే ఊరుకోలేదట. పొలంలో పనిచేసేవాడికి న్యాయంగా ఎంత కూలి రావాలన్న ప్రశ్న మీదనే ఏళ్ళు గడిపి, దానికొక సూత్రం కట్టాడు. 1848లో తన ఎస్టేటులోని పనివాళ్ళకు లాభంలో వాటా ఏర్పాటు చేశాడు. 1850లో చనిపోయినప్పుడు ఆయన సమాధి రాతి మీద చెక్కినది ఆ కూలి సూత్రమే, వలయాలు కాదు. "మీ పుస్తకంలో ఆ భాగం లేదు, నేనూ చెప్పలేదు" అన్నారు మేడంగారు.

లీజు గడువు 1997లో తీరింది. రెండో పటం పెద్దల ముందు పెట్టాము. చెరువు పూడ్చి వరి వేయడానికి పెట్టుబడి ఎవరి దగ్గరా లేదు, చుట్టూ అన్నీ చెరువులే అయ్యాయి. మళ్ళీ లీజుకే ఇచ్చారు. ఈసారి అమ్మ లేచింది. సంఘపు రెండెకరాల గట్టు, గట్టు మీది గడ్డి ముఠా ఆడవాళ్ళకు వదలాలి, కాగితంలో రాయాలి అంది. కొంత మాటామాటా అయింది. చివరికి రాశారు. ఆ గట్టు మీద బీర, ఆనప పాదులు పెట్టారు, కొబ్బరి మొక్కలు వేశారు. పది పన్నెండు ఇళ్ళకు కూరా, గేదెలకు మేతా వచ్చింది. పోయిన పనిలో అది ఎన్నో వంతు అని మమ్మల్నడిగితే, చాలా చిన్న వంతు.

కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించాక, 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించింది. మా చెరువు ఆ గీతకు పైన ఉంది, అలాగే ఉండిపోయింది. మందిరానికి లీజు డబ్బుతో వేసిన స్లాబు కూడా గట్టిగానే ఉంది. వాన కురిసినా గొడుగులు లేకుండా దాని కిందనే ఆరాధిస్తున్నాము. కోతల పండుగకు వరి కంకులు దూరపు ఊళ్ళ బంధువుల దగ్గర అడిగి తెచ్చి కడుతున్నాము.

నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. అమ్మకు ఎనభై దాటాయి. మొన్న కంటి ఆపరేషనుకు విజయవాడ తీసుకువెళ్ళి, పదిరోజుల తరువాత రైలులో వెనక్కు తెస్తున్నాము. కొత్త చూపు కదా, కిటికీ వదలలేదు. గుడివాడ దాటిన దగ్గరనుండి వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. ఇదిగో ఈ చేలో మూడేళ్ళు నాట్లేశాం, ఆ తాటిచెట్ల దగ్గర మేస్త్రితో గొడవయింది, అక్కడ చిన్నమ్మిని పాము కరిచింది, ఈ బోదె మీద అన్నం తినేవాళ్ళం. మేమిద్దరం చెరొక పక్క కూర్చుని వింటున్నాము. మండవల్లి దగ్గర చెరువులు మొదలయ్యాయి. అమ్మ వేలు దించలేదు. నీళ్ళ వైపు చూపిస్తూ, ఇక్కడ ఎవరి చేను ఉండేదో, ఎంతమందిమి దిగేవాళ్ళమో పేర్లతో సహా చెబుతూ వచ్చింది, కైకలూరు దాకా.